నల్ల కళ్లద్దాల బాతు ఎవరి బొమ్మ?

ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళ్లే ఆటోల్లో, కార్లలో, కొన్ని బైకుల హ్యాండిల్ మీద కూడా ఈ మధ్య ఒక చిన్న పసుపు బాతు కనిపిస్తోంది. కళ్లకు నల్ల అద్దాలు, మెడలో బంగారు రంగు గొలుసు, నెత్తిన గిర్రున తిరిగే ఫ్యాను బిగించిన హెల్మెట్. దేశమంతా ఉన్న ఫ్యాషనే, ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకే ప్రత్యేకం కాదు. ఫ్యాన్సీ షాపుల్లో, జాతర దుకాణాల్లో తేలిగ్గా దొరుకుతుంది. దాని మీద ఎవరి పేరూ ఉండదు. అయినా చూడగానే అది పాటగాడి వేషమని తెలిసిపోతుంది. ర్యాప్ వినే కుర్రాళ్లకు అందులో అమెరికన్ ర్యాపర్ కనిపిస్తే, వాళ్ల నాన్నల తరానికి బప్పీ లహిరి గుర్తొస్తాడు. 1980లు, 90లలో తెలుగు సినిమాలకూ పాటలు కట్టిన ఆయన ఒంటి మీద గొలుసులు, కళ్లద్దాలు లేకుండా బయట కనిపించిన సందర్భాలు తక్కువ.

అమెరికాలో, ఐరోపాలో ఇలాంటి బాతులు పేరుతో సహా అమ్ముడవుతాయి. స్నానాల తొట్టిలో తేలే బొమ్మకు ఫలానా గాయకుడి జుట్టో, ఫలానా బ్యాండ్ మొహాల రంగులో వేసి, ఆ మనిషికో వారసులకో రాయల్టీ కట్టి అమ్మడం అక్కడ పాతికేళ్లుగా నడుస్తున్న వ్యాపారం. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు పాట, ఒడియా పాట ఒకే ఇంట్లో మోగుతాయి. గాయకుల మీద ఇక్కడి అభిమానం ఏ దేశానికీ తీసిపోదు. మరి మన గాయకులు ఇలా బొమ్మల కొట్లోకి ఎందుకు రాలేదు? డబ్బు లేకనో, అభిమానం చాలకనో కాదు. పాటగాణ్ణి మనం గుర్తుపట్టే తీరే వేరు. బాతు బొమ్మ చూపు మీద బతుకుతుంది, మన సినిమా గాయకుడు చెవి మీద బతికాడు. ఆ తేడా తయారీలోనూ ఉంది, చట్టంలోనూ ఉంది.

బాతు చరిత్ర, క్లుప్తంగా

రబ్బరును గట్టిపరిచే పద్ధతికి చార్లెస్ గుడ్ఇయర్ 1844లో పేటెంట్ తీసుకున్నాక, ఆ శతాబ్దం చివరికల్లా రబ్బరు బొమ్మలు బజారుకొచ్చాయి. మొదట్లో వచ్చినవి తేలేవి కావు, పిల్లలు నమలడానికి ఇచ్చే గట్టి ముద్దలు. నీటి మీద తేలే బాతు రూపం 1940లలో వచ్చింది. పీటర్ గనైన్ అనే శిల్పి దానికి పేటెంట్ పొందాడు. 1970లో అమెరికన్ పిల్లల టీవీ కార్యక్రమం ఒకదానిలో ఒక తోలుబొమ్మ తన రబ్బరు బాతు మీద పాడిన పాట అక్కడి హిట్ పాటల పట్టికలో 16వ స్థానం దాకా వెళ్లింది. బాతుకు, పాటకు చుట్టరికం అప్పుడే కలిసిందనుకోవచ్చు. 1992 జనవరిలో పసిఫిక్ మహాసముద్రంలో ఒక ఓడ మీది కంటైనర్ పడిపోయి 28,800 స్నానపు బొమ్మలు నీటిపాలయ్యాయి. అవి ఏ తీరాన తేలాయో చూసి శాస్త్రవేత్తలు సముద్ర ప్రవాహాల లెక్కలు సరిచూసుకున్నారు.

ప్రముఖుల బాతులు 1990ల చివర్లో మొదలయ్యాయి. సెలబ్రిడక్స్ అనే అమెరికన్ కంపెనీ బెట్టీ బూప్ అనే కార్టూన్ పాత్రతో మొదలుపెట్టి ఆటగాళ్లు, నటులు, సంగీతకారుల దాకా వెళ్లింది. కిస్ అనే రాక్ బ్యాండ్ సభ్యులు కూడా బాతులయ్యారు. అది వింతేమీ కాదు. 1970లలోనే ఆ బ్యాండ్‌కు ప్లాస్టిక్ బొమ్మలుండేవి, తర్వాత వాళ్ల బొమ్మలున్న శవపేటికలు కూడా అమ్మారు. మొహాలకు వేసుకునే నలుపు తెలుపు రంగుల ముగ్గులను ట్రేడ్‌మార్కులుగా రిజిస్టర్ చేయించుకున్న బృందం అది.

అంతకుముందు 1964లో బీటిల్స్ బొమ్మలు వచ్చాయి. ఆ బ్యాండ్ వస్తువుల మీద హక్కులు ఇచ్చేటప్పుడు వాళ్ల మేనేజర్ తరఫువాళ్లు మొదట ఒప్పుకున్న వాటా 10 శాతం. మిగతా 90 మధ్యలో ఉన్న కంపెనీకి. తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి ఒప్పందం మార్చుకున్నారు గానీ, ఆ లోపల చేజారిన సొమ్ము చేజారినట్టే. పాటగాడి ముఖానికి విడిగా ధర ఉంటుందని సంగీత లోకం గట్టిగా నేర్చుకున్నది అప్పుడే.

చేతులు లేని బొమ్మ

ఇప్పటి "రబ్బరు" బాతుల్లో ఎక్కువ భాగం రబ్బరుతో చేసినవి కావు, మెత్తటి పీవీసీతో చేసినవి. పీవీసీ పొడిని మెత్తబరిచే నూనెలాంటి రసాయనంతో కలిపి పాయసంలా చిక్కటి ద్రవం చేస్తారు. దాన్ని లోహపు అచ్చులో కొలిచి పోసి, మూసి, వేడి పెడుతూ అచ్చును రెండు దిక్కుల్లో తిప్పుతారు. లోపలి గోడలకు ద్రవం పట్టుకుని గట్టిపడుతుంది, మధ్యలో డొల్ల మిగులుతుంది. చల్లారుతున్నప్పుడు మెత్తగా ఉండగానే చిన్న కంతలోంచి బాతును లాగేస్తారు. మెత్తటిది కాబట్టి ముక్కు, రెక్క, జుట్టు వంపులు అచ్చులో ఇరుక్కోవు. తర్వాత రేకు ముసుగులు అడ్డం పెట్టి స్ప్రేతో రంగులు వేస్తారు, సన్నటి గీతలు చేత్తో దిద్దుతారు. ఒక్కో రంగుకు ఒక్కో ముసుగు. రంగు పెరిగితే పని పెరుగుతుంది, పనితో పాటు ఖర్చూ పెరుగుతుంది. అందుకే గాయకుడి పోలికను నాలుగైదు రంగుల్లో తేల్చేయాలి.

అసలు చిక్కు ఆకారంలో ఉంది. బాతుకు చేతులుండవు, నడుముండదు, కాళ్లు నీటి కింద. సంగీతకారుడికి సగం గుర్తు చేతిలోనే ఉంటుంది: గిటారు, వయొలిన్, మృదంగం, మైకు పట్టుకునే తీరు. ఇవన్నీ పోయాక మిగిలేది తల, మెడ, ఛాతీ ముందుభాగం. కాబట్టి ఎల్విస్ ప్రెస్లీ అంటే నుదుటి మీదికి ఎత్తిన జుట్టు, నిలబడిన కాలరు. ఫ్రెడ్డీ మెర్క్యురీ అంటే మీసం. ఆ మీసం కూడా ముక్కుకు పైన పెట్టాలి, కింద పెడితే గడ్డంలా కనిపిస్తుంది. మైకేల్ జాక్సన్ చేతి తొడుగు రెక్కకు తొడిగితే ఎవరికీ అర్థం కాదు, టోపీ మీదే ఆధారపడాలి. ఎల్విస్ జుట్టుతో ఇంకో తంటా ఉంది. తల బరువెక్కితే బాతు నీళ్లలో పక్కకు ఒరిగి బోర్లా పడుతుంది. బరువు కేంద్రం కిందికి ఉండాలంటే అడుగుభాగం మందంగా పోయాలి, లేదా అడుగున బరువు పెట్టాలి, లేదా జుట్టు ఎత్తు తగ్గించాలి. జుట్టు తగ్గిస్తే ఎల్విస్ పోతాడు.

ఇలాంటి గుర్తుపట్టే పద్ధతి మనకేమీ కొత్త కాదు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి జాతరలో మొక్కు తీర్చుకోడానికి వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. ఆ జాతర పెత్తనం ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడిన దేరా నేతగాళ్లది. ఒంటి మీద చారలుంటే పులి, నెత్తిన నెమలి పింఛం ఉంటే కృష్ణుడు. వేషం కట్టిన మనిషి ముఖం ఎవరిదైనా ఒకటే. కిస్ బ్యాండ్ చేసినది కూడా వేషమే. వేషానికి యజమాని ఉంటాడని కాగితం మీద రాయించుకోవడమే వాళ్లు అదనంగా చేసింది.

తెర వెనక గొంతు

తెలుగు సినిమా పాట ఇందుకు పూర్తిగా ఎదురు దారిలో పెరిగింది. తెర మీద పెదవులు కదిపేవాడు ఒకడు, పాడేవాడు మరొకడు. గాయకుడి ముఖం జనానికి తెలియనక్కర్లేకుండానే అతను ఇంటింటి మనిషి అవుతాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయాక, ఇక్కడి తెలుగువాళ్ల బడి, ఆఫీసు ఒడియాలోకి మారాయి. పాట మాత్రం మారలేదు. విజయవాడ, విశాఖపట్నం రేడియోల్లో వచ్చే ఘంటసాల గొంతు, సుశీల గొంతు సరిహద్దు అడగకుండా వచ్చేవి. అదే ఇంట్లో కటక్ రేడియోలో అక్షయ మహంతి, సికందర్ ఆలం పాడేవారు. ఈ నలుగురి గొంతుల్నీ మొదటి చరణం పూర్తి కాకుండానే గుర్తుపట్టే పెద్దవాళ్లు బరంపురం, పర్లాకిమిడి వీధుల్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్ల ముఖాల్ని నాలుగు రంగుల్లో బొమ్మ గీయమంటే తడబడతారు. తెల్ల చొక్కా, పక్కకు దువ్విన జుట్టు. ఆ తరంలో సగం మంది మేష్టార్లు కూడా అలాగే ఉండేవారు.

మన సంగీతంలో చూపుతో గుర్తుపట్టగలిగినవాళ్లు అసలు లేరని కాదు. ఉన్నవాళ్లు దాదాపు అందరూ వేదిక మీది మనుషులే. ఉషా ఉతుప్ అంటే పెద్ద బొట్టు, ఆ బొట్టు మీద బెంగాలీ 'క' అక్షరం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అంటే రెండు వైపులా మెరిసే ముక్కుపుడకలు, తల్లో పూలు, అన్నిటికీ మించి ఆమె పేరు మీద పిలిచే నీలం రంగు పట్టుచీర. గుర్తు ఒక రంగులో ఉండటం ఎంత గొప్పదో పట్టు నేసే బరంపురానికి చెప్పనక్కర్లేదు. ఆ నీలాన్ని బాతు వీపు మీద పులిమి సుబ్బులక్ష్మి అనడం మాత్రం మర్యాద తప్పడమే. ఎల్విస్ అభిమానికి ఎల్విస్ బాతు ముచ్చట. ఇక్కడ సంగీతం వినే ఇంట్లో సుబ్బులక్ష్మి ఫొటో దేవుడి పటాల పక్కన ఉంటుంది. స్నానాల గదిలో ఆమె బొమ్మను ఊహించడమే కష్టం. ఇది ఛాందసమని కొట్టిపారేయడం సులువే గానీ, ఏ వస్తువు ఎక్కడ ఉండాలన్నది ప్రతి ఊరూ తన మర్యాదను బట్టి తేల్చుకుంటుంది.

ఆ మాటకొస్తే స్నానపు బొమ్మకు ఇక్కడి ఇళ్లలో చోటు తక్కువ. చంటిబిడ్డకు అమ్మమ్మో, మంత్రసానో కాళ్లు చాపుకుని వాటి మీద పడుకోబెట్టి నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి నీళ్లు పోస్తుంది. పెద్ద పిల్లలకు బకెట్టు, చెంబు. తొట్టి ఉన్నా అది నీళ్లు నిలవ పెట్టుకోడానికే. కాబట్టి బాతు ఇక్కడికి స్నానపు బొమ్మగా వచ్చి, నీటి దగ్గరికి వెళ్లకుండానే డాష్‌బోర్డు మీద స్థిరపడింది.

ఢిల్లీలో నడిచిన బొమ్మల కేసు

గాయకుడి పోలికతో బొమ్మ అమ్మితే ఏమవుతుందన్న ప్రశ్నకు మన దేశంలో సూటి సమాధానం ఒకటి ఉంది. పంజాబీ పాప్ గాయకుడు దలేర్ మెహందీ 1990లలో దేశాన్ని ఊపేశాడు. రంగురంగుల పొడవాటి అంగీ, మెరిసే తలపాగా, చేతులు పైకెత్తి వేసే అడుగు. చూపుతో గుర్తుపట్టే గాయకుడంటే అతనే. ఢిల్లీలో కొన్ని బొమ్మల షాపులు అతని పోలికతో, అతని పాటలోని ఒకటి రెండు లైన్లు పాడుతూ ఆడే బొమ్మలు అమ్మాయి. అతని హక్కులు చూసుకునే కంపెనీ కోర్టుకెక్కింది. 2010లో ఢిల్లీ హైకోర్టు ఆ బొమ్మల అమ్మకాన్ని శాశ్వతంగా ఆపమని, లక్ష రూపాయల నామమాత్రపు పరిహారం కట్టమని తీర్పు చెప్పింది. బొమ్మను చూసి కొనేవాడు దలేర్ మెహందీని గుర్తుపడుతున్నాడు, ఆ గుర్తింపు వల్లే బొమ్మ అమ్ముడవుతోంది, కాబట్టి ఆ గుర్తింపును వాడుకునే హక్కు అతనిదే అన్నది తీర్పు సారం.

ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ప్రముఖుల హక్కును మరీ సాగదీస్తే వ్యంగ్య చిత్రం, అనుకరణ, ఎగతాళి లాంటి వాటికి ఊపిరాడదని కోర్టు హెచ్చరించింది. ఇది చాలా ముఖ్యమైన గీత. జాతరలో ఎవరైనా బప్పీ లహిరి వేషం కట్టి నవ్విస్తే అది అభిప్రాయం, వినోదం. అదే పోలికను అచ్చు పోసి వేలల్లో అమ్మితే వ్యాపారం. మధ్యలో ఉన్నది మన డాష్‌బోర్డు బాతు. గొలుసు, కళ్లద్దాలు ఏ ఒక్కడివీ కావు. పేరు రాయనంత వరకు, ఇతనే అని వేలు పెట్టి చూపించలేనంత వరకు దాని మీద కేసు నిలవడం కష్టం. ఆ బాతు అంత చవగ్గా, అన్ని చోట్లా దొరకడానికి ఇదీ ఒక కారణం: ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేని పాటగాడి వేషం అది.

చనిపోయినవాళ్ల సంగతి ఇంకా చిక్కు. ఎల్విస్ 1977లో పోయాడు. అతను ఉన్న టెనెసీ రాష్ట్రం 1984లో చట్టం చేసి, మనిషి పోలిక మీద హక్కు చనిపోయాక కూడా వారసులకు దక్కేలా చూసింది. అందుకే ఇవాళ్టికీ ఎల్విస్ బొమ్మ చేయాలంటే అతని హక్కులు చూసుకునే సంస్థ అనుమతి కావాలి. మన దేశంలో అలాంటి చట్టం లేదు. మనిషి పేరు ప్రతిష్ఠలు, ఏకాంతం మీద హక్కు మనిషితోనే పోతుందని, వారసులకు ఆస్తిలా రాదని 2021లో మద్రాసు హైకోర్టు, 2023లో ఢిల్లీ హైకోర్టు వేర్వేరు కేసుల్లో అన్నాయి. ఆ లెక్కన 1974లో కన్నుమూసిన ఘంటసాల పోలికతో ఎవరైనా బొమ్మ చేస్తే ఆయన కుటుంబం చేతిలో ఉన్న ఆయుధాలు తక్కువ. ఇది న్యాయంగా లేదు. బతికినన్నాళ్లు పాటకింతని తీసుకుని, రాయల్టీ అనే మాట గట్టిగా వినిపించని కాలంలో పాడిన తరం అది. వాళ్ల పోలిక మీద వచ్చే డబ్బైనా వాళ్ల పిల్లలకు చేరాలనడం పెద్ద కోరికేమీ కాదు.

గొంతు మీద హక్కు అన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చినా, మనకు సంబంధించినంతవరకు అసలు ప్రశ్న అదే. 2024 జులైలో బాంబే హైకోర్టు గాయకుడు అర్జిత్ సింగ్ పేరు, ఫొటో, సంతకంతో పాటు అతని గొంతు, పాడే తీరు కూడా అతని సొత్తేనని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కృత్రిమ మేధతో అతని గొంతును తయారుచేసే వెబ్‌సైట్ల మీద, అనుమతి లేకుండా అతని పేరుతో వస్తువులు అమ్మేవాళ్ల మీద వేసిన కేసు అది. అదే ఏడాది మొదట్లో, 2020లో మరణించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో పలికించారని ఒక తెలుగు సినిమా నిర్మాతలకు ఆయన కుటుంబం నోటీసు పంపింది. గమనించాల్సింది ఏమిటంటే, బాలుగారి కుటుంబానికి బాధ కలిగించింది ఆయన ముఖం కాదు, గొంతు. నిలువెత్తు మనిషి, నిండైన నవ్వు, తెలుగువాళ్లందరికీ టీవీలో పరిచయమైన రూపం. అయినా దొంగిలించడానికి విలువైనది గొంతేనని ఎత్తుకుపోయినవాళ్లకూ తెలుసు. బొమ్మలో పెట్టే చిన్న చిప్పుతో ఏ గొంతునైనా పలికించగలిగే రోజులివి. చట్టం ముందుగా చూడాల్సింది ఆ వైపు.

కంతలోంచి వచ్చే నలుపు

బాతును నిజంగానే నీళ్లలో వేసే ఇళ్లకు ఒక మాట చెప్పి తీరాలి. స్విట్జర్లాండ్, అమెరికా పరిశోధకులు 2018లో స్నానపు బొమ్మల్ని మధ్యకు కోసి చూశారు. లోపలి గోడ మీద చదరపు సెంటీమీటరుకు 50 లక్షల నుంచి ఏడున్నర కోట్ల దాకా సూక్ష్మజీవులు. ఇళ్లలో నిజంగా వాడిన బొమ్మల్లో సుమారు 60 శాతంలో బూజు. నొక్కితే అయిదింట నాలుగు బొమ్మల నుంచి మురికి నీళ్లు వచ్చాయి, వాటిలో రోగం తెచ్చే రకాల బ్యాక్టీరియా కూడా ఉంది. కారణం సింపుల్: కీచుమనే కంతలోంచి లోపలికి పోయిన నీరు బయటికి పూర్తిగా రాదు, ఆరదు. సబ్బు, ఒంటి మురికి, మెత్తటి ప్లాస్టిక్ లోంచి ఊరే కర్బనం అన్నీ వాటికి తిండి. ఏడాదిలో సగం రోజులు గోడలే చెమ్మగిల్లే గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి తీరపు ఊళ్లలో ఆ నీరు ఆరే అవకాశం ఇంకా తక్కువ. నూనె, సున్నిపిండి కలిసిన స్నానపు నీళ్లలో వేస్తే మరీను. కంత లేని బొమ్మ కొనడం, ఉన్నదైతే మొదటి రోజే జిగురుతో మూసేయడం, నొక్కి పిల్లల మొహం మీద చిమ్మనివ్వకపోవడం: ఇంతకు మించి చేయాల్సిందేమీ లేదు.

పీవీసీని మెత్తబరిచే థాలేట్ రసాయనాల సంగతీ ఉంది. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఐరోపా 2005లో, అమెరికా 2008లో వాటిలో కొన్ని బొమ్మల్లో 0.1 శాతానికి మించకూడదన్నాయి. మన దేశంలోనూ బొమ్మల ప్రమాణం ఐఎస్ 9873లో దీనికి విడిగా ఒక భాగం ఉంది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మ ఏదైనా ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మకూడదు. దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. అయితే కారు అలంకరణ పేరుతో వచ్చే బాతు ఈ గీతకు అటూ ఇటూ ఊగుతుంది. పెట్టె మీద "బొమ్మ" అని ఉండదు, ఇంటికెళ్లాక పిల్లాడి చేతిలోకి, అక్కడి నుంచి నోట్లోకి పోతుంది. ప్రముఖుల బాతుల్ని విదేశాల్లో కూడా "పెద్దలు దాచుకునే వస్తువు" అని ముద్ర వేసి అమ్ముతుంటారు. కొనేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి. అద్దాలు, గొలుసు ఊడి వచ్చేలా ఉంటే మూడేళ్లలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు.

కొమ్ము, ఇత్తడి, పనస

వాయిద్యగాళ్ల బొమ్మలు మన వైపు లేకపోలేదు. బొమ్మల కొలువులో పెళ్లి సెట్టు ఉందంటే డోలు, సన్నాయి వాయించే మేళం ఉండాల్సిందే. సంక్రాంతి హరిదాసు బొమ్మకు నెత్తిన అక్షయపాత్ర, చేతిలో చిడతలు. ఇవన్నీ మనిషి పేరు లేని బొమ్మలు. ఫలానా సన్నాయి విద్వాంసుడని ఎవరూ అడగరు. ఒక వృత్తిని గౌరవించే బొమ్మ కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆ రకంగా చూస్తే నల్ల కళ్లద్దాల బాతు కూడా ఈ జాతిదే, మేళం సెట్టుకు దూరపు చుట్టం.

ఈ సరిహద్దులో చేతిపని తెలిసినవాళ్లకు కొదవ లేదు. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. కొమ్మును వేడితో మెత్తబరిచి, వంచి, చెక్కి, నున్నగా తోమి దువ్వెనలు, పక్షులు, జంతువుల బొమ్మలు చేస్తారు. గంజాం జిల్లా బెల్లగుంఠలో ఇత్తడి పొలుసులు ఒకదానిలో ఒకటి గుచ్చి, పట్టుకుంటే అటూ ఇటూ కదిలే చేపను చేస్తారు. కొండలకు ఇవతల బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి వీణను తొలిచే సర్వసిద్ధి కుటుంబాలు, బహుమతిగా ఇచ్చుకునే అరచేతి వీణలు కూడా చేస్తున్నాయి. సంగీతకారుణ్ణి గౌరవించాలనుకునే ఇంటికి అదే సరైన బొమ్మ. ముఖాన్ని వదిలేసి, చేతిలో ఉన్నదాన్ని పట్టుకుంది. బాతు అచ్చు మొదట పోగొట్టుకునేది సరిగ్గా దాన్నే.

పేరున్న గాయకుడి బొమ్మే చేయాలనుకునే కళాకారులకు కూడా దారి ఉంది. అచ్చుకు, లైసెన్సుకు కట్టాల్సిన కనీస మొత్తానికి పెద్ద పెట్టుబడి పెట్టాల్సిన పీవీసీ బాతు కన్నా, పదో ఇరవయ్యో చేత్తో చేసే కొమ్ము, కర్ర బొమ్మకు ఖర్చు తక్కువ. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు నిబంధన నుంచి మినహాయింపు ఉంది. నిడివి తగ్గించి చెప్పాలంటే, ఇలాంటి బొమ్మకు మొదటి మనిషిగా ఆదిభట్ల నారాయణదాసు కన్నా తగినవాళ్లు కనిపించరు. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టి 1945లో పోయిన ఆయనను మెడలో పూలదండ, చేతుల్లో చిడతలు, కాళ్లకు గజ్జెలతో ఎవరైనా గుర్తుపడతారు. పై తీర్పుల ప్రకారం చట్టపు అడ్డూ పెద్దగా ఉండకపోవచ్చు. అయినా వంశంవాళ్లను ఒక మాట అడగడం మర్యాద.

బతికున్న గాయకుల బొమ్మకైతే రాతపూర్వక అనుమతి తప్పదు. పాడే బొమ్మ చేస్తే ఒక్క అనుమతితో పని జరగదు. పోలికకు గాయకుడిది, పాట రాసి స్వరపరిచినవాళ్ల హక్కుకు వేరుగా, రికార్డింగుకు మ్యూజిక్ కంపెనీది వేరుగా తీసుకోవాలి. ఫొటో చూసి దించితే ఆ ఫొటో తీసినవాళ్లకూ హక్కుంటుంది. ఒప్పందంలో గొంతు మాట విడిగా రాసుకోవాలి: బొమ్మలో పెట్టింది అసలు రికార్డింగేనా, యంత్రంతో పలికించిన గొంతా, రెండోదైతే దాన్ని ఇంకెక్కడా వాడకూడదన్న షరతు ఉందా అన్నది స్పష్టంగా ఉండాలి. బీటిల్స్ మేనేజర్ తరఫువాళ్లు అప్పట్లో పట్టించుకోకుండా వదిలేసిన తరహా లైన్లు ఇప్పుడు ఉండేది సరిగ్గా ఆ పేరాలోనే.